మొబైల్ హోమ్‌కి ఫోన్‌లో సంతకం.. లోన్ ఓకే, మరి ఇల్లు మీ పేరు మీదకి వచ్చినట్టేనా?

అమెరికాలో మొబైల్ హోమ్ కొనేవాళ్లు లోన్ పేపర్లపై ఫోన్‌లోనే సంతకం చేసేయొచ్చు. అది చట్టప్రకారం చెల్లుతుంది. కానీ లోన్ పేపర్లు వేరు, ఓనర్‌షిప్ పేపర్లు వేరు. ఈ తేడా పట్టించుకోకపోతే నెలనెలా కిస్తీ కడుతున్నా ఇల్లు పాత ఓనర్ పేరు మీదే ఉండిపోవచ్చు.

మొబైల్ హోమ్ అంటే?

ఫ్యాక్టరీలో తయారుచేసి, ట్రక్కుతో తెచ్చి స్థలంలో నిలబెట్టే ఇల్లు. 1976 జూన్ 15 నుంచి వీటికి కేంద్ర హౌసింగ్ శాఖ ప్రమాణాలు వచ్చాయి. అప్పటి నుంచి తయారైనవాటికి అధికారిక పేరు మాన్యుఫ్యాక్చర్డ్ హోమ్.

ఈ-సంతకం ఎలా చెల్లుతుంది?

2000 జూన్ 30న అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ-సైన్ చట్టానికి ఆమోదం తెలిపారు. ఎలక్ట్రానిక్‌గా చేశారన్న ఒక్క కారణంతో సంతకాన్ని కొట్టేయకూడదని ఈ చట్టం చెబుతోంది. అలాగని కస్టమర్‌ని బలవంతపెట్టకూడదు. పేపర్లు డిజిటల్‌గా ఇచ్చేముందు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చని కూడా చెప్పాలి.

మెలిక ఇక్కడే!

స్థలం లేకుండా ఇల్లు మాత్రమే కొంటే చాలా రాష్ట్రాల్లో దాన్ని చరాస్తిగానే చూస్తారు. మన దగ్గర బండికి ఆర్‌సీ ఉన్నట్టు, ఆ ఇంటికి టైటిల్ ఉంటుంది. దాని మీద ఇచ్చే అప్పే చాటెల్ లోన్. టెక్సాస్‌లో రాష్ట్ర హౌసింగ్ శాఖ 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్' ఇస్తుంది. కాలిఫోర్నియాలోనూ హౌసింగ్ శాఖే చూసుకుంటుంది. కొన్ని రాష్ట్రాల్లో వాహనాల శాఖకు వెళ్లాలి. ఎలాంటి ఈ-సంతకం తీసుకుంటారు, నోటరీ కావాలా అన్నది ఆ ఆఫీసు రూల్స్‌ని బట్టే.

ఇల్లు పోయే నోటీసు సంగతి?

కిస్తీలు ఆగితే వచ్చే డిఫాల్ట్, జప్తు, ఖాళీ చేయించే నోటీసులను ఈ-సైన్ చట్టం పక్కన పెట్టింది. సొంతంగా ఉంటున్న ఇంటి విషయంలో ఈ మినహాయింపు వర్తిస్తుంది. ఆ నోటీసు ఎలా ఇవ్వాలన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. అందుకే అడ్రస్ మారితే లోన్ ఇచ్చినవాళ్లకి వెంటనే చెప్పాలి.

సంతకానికి ముందు ఇవి చూసుకోండి

* టైటిల్ బదిలీ అప్లికేషన్ ఎవరు వేస్తారు, ఎప్పటిలోగా వేస్తారు?
* పాత లోన్ బాకీ టైటిల్‌పై ఇంకా ఉందా?
* సంతకం చేసిన ప్రతి పేపర్ కాపీ మీ దగ్గర సేవ్ అయిందా?
* లోన్ తీరాక టైటిల్‌పై అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఎలా తీసేస్తారు?