విజేత విరమణము

గెలిచినవాడు రంగము విడుచుట పిరికితనమా యని మనము విచారింతము. 1958 ఆగస్టులో జర్మనీ పందెమున మిత్రుడు పీటర్ కాలిన్స్ మరణించెను. ఆ యేడే మోటారు పందెములలో ప్రపంచ విజేతయైన మైక్ హాథార్న్ వెంటనే విరమించెను. 1973లో మూడవమారు విజేతయైన జాకీ స్టువర్ట్ ఆ యేటితో విరమింప ముందే నిశ్చయించుకొనెను. అక్టోబరు 6న అమెరికాలో సహచరుడు ఫ్రాంస్వా సెవేర్ మరణింపగా, తన నూరవ పందెమును సైతము వదలుకొనెను. పందెములలో రక్షణకై ఏండ్లతరబడి పోరాడినవాడు ఆతడే.

కమాన్‌పూర్ ప్రాంతపు బొగ్గుగనులలో షిఫ్టు ముగిసి మనిషి ఇల్లు చేరువరకు వాకిలి చూచు కుటుంబములకు ఈ విరమణార్థము వేరుగ చెప్పనక్కరలేదు. అయితే విజేత విరమింపగలడు. గనికార్మికునకు పని విడుచుట సులభము కాదు. కావున ఆతనికి వలయునది విరమణము కాదు, రక్షణము. స్టువర్ట్ విజయములకన్న ఆ పోరాటమే మనకెక్కువ పనికివచ్చును.