అవ్వ పేరు మీద కార్డు

సోలాపూర్‌లో మన పద్మశాలీల చరిత్ర ఎవరు రాసినా మగ్గంతో మొదలుపెట్టి చద్దర్లు, టవళ్ళ దగ్గర ఆపేస్తాం. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి తాతలు బతుకుదెరువుకు వచ్చింది, 1877లో పెట్టిన పాత మిల్లు, ఇవన్నీ తెలిసిన సంగతులే. అదే ఇంట్లో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టిన అవ్వల గురించి మాత్రం ఒక్క వాక్యం రాసి దాటేస్తాం. కానీ సర్కారు మన ఇండ్లలోకి వచ్చింది ఆ చాట దగ్గరికే, మగ్గం దగ్గరికి కాదు.

ఎందుకట్లా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది కార్మికులుంటేనే వర్తించేది. పి.ఎఫ్.కు ఇరవై మంది కావాలి. ఒక షెడ్డును నాలుగు పేర్ల మీద ముక్కలు చేస్తే చాలు, లెక్క తప్పిపోతుంది. పవర్‌లూమ్ మీద ముప్పై ఏండ్లు నిలబడి పనిచేసినా చేతిలో ఒక్క కాగితం లేని మగవాళ్ళు మనలో ఎంతమందో!

బీడీ సంగతి వేరు. 1966 చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగానే లెక్కించింది. 1976లో బీడీ మీద సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. దాంట్లోంచే వైద్యం, పిల్లలకు స్కాలర్‌షిప్పు, ఇంటికి సాయం. 1977లో పి.ఎఫ్. వచ్చింది. ఇండ్లలో చుట్టేవాళ్ళు మా కార్మికులు కాదని యజమానులు కోర్టుకెక్కితే, 1985లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

దాంతో కుటుంబం లోపల ఒక తలకిందులు జరిగింది. కులవృత్తి మగవాళ్ళది, సర్కారు గుర్తింపు ఆడవాళ్ళది. పెండ్లి చూపుల్లో పిల్లకు బీడీలు చేసుడు వచ్చా, కార్డుందా అని అడిగేవాళ్ళు. తాగి వచ్చే మొగుడున్న ఇంట్లో కూడా ఆఖరి ఆసరా ఆమె పాసుబుక్కే. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా ఆడమనిషినే రాయమంది. మన ఇండ్లలో అది కొత్త ముచ్చటేం కాదు.

అయితే ఆ కార్డు చాటున దాగింది కూడా ఉంది. వెయ్యి బీడీలు ఒక్క చేతితో కావు. తునికాకు కత్తిరించేది ఒక పిల్ల, దారం కట్టేది ఇంకో పిల్ల. లెక్క మాత్రం తల్లి పేరు మీదే. పింఛను తల్లికి వచ్చింది, బడి మానేసింది బిడ్డ. స్కాలర్‌షిప్పు ఇచ్చే చట్టమే ఆ బిడ్డ పనిని చూడలేదు.

ఇండ్ల కథ అందరూ చెప్పుకునేదే. నర్సయ్య ఆడం మాస్టారు ముందుండి నడిపిన పోరాటం వల్ల కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు వచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. తర్వాత రేనగర్‌లో అసంఘటిత కార్మికులకు 30,000 ఇండ్ల పథకం. అందులో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ ప్రారంభించారు. సొంత ఇల్లు చిన్న సంగతి కాదు. కాకపోతే ఊరికి దూరం. సాఖర్ పేఠలోనో దాజీ పేఠలోనో పక్కింట్లోనే ఉండే పెద్దమ్మ ఇప్పుడు బస్సు ఎక్కితే గాని కనపడదు, పసిపిల్లను ఆమెకు అప్పజెప్పి పనికి పోయే వీలు పోయింది.

2017లో జి.ఎస్.టి. రావడంతో బీడీ సెస్సు రద్దయింది. సంక్షేమానికి డబ్బు ఇప్పుడు బడ్జెట్‌లో ఇచ్చినంతే. 2020లో ఆ 1966 చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఇక మన కోడండ్లు, బిడ్డలు చాట పట్టడం లేదు. పట్టొద్దు కూడా, ఆ పొగాకు దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో అందరం చూశాం. వాళ్ళు యూనిఫాంలు కుట్టే గార్మెంటు షెడ్లకు పోతున్నారు. ఐదారు మిషన్లుండే చిన్న షెడ్లు. అవ్వకు కార్డు ఉండేది. మనుమరాలికి, తాతకు లాగే, ఏ కాగితమూ లేదు.