నెగటివ్ నుంచి హార్డ్ డిస్క్ దాకా

ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరింది 1989లో. అన్నేళ్ల తర్వాత కూడా ఆ పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనిపిస్తుంది. చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఫొటో మన్నికకు ఇంతకంటే గట్టి ఆసరా మరొకటి లేదని నా నమ్మకం.

అలాగని ఫిలిం చిరంజీవి కాదు. 1889లో ఈస్ట్‌మన్ అమ్మకానికి తెచ్చిన నైట్రేట్ ఫిలిం అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. దాని స్థానంలో వచ్చిన ఎసిటేట్ ఫిలిం వేడికీ తేమకూ వెనిగర్ కంపు కొడుతూ ముడుచుకుపోతుంది. మన కోస్తా ఉక్కలో బూజు సంగతి చెప్పనక్కర్లేదు. రంగుల ఫిలిం వెలిసిపోతుంది. అయినా ఫిలిం ఓర్పు గొప్పది. 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో చనిపోయిన స్వీడన్ సాహసి ఆండ్రే బృందం ఫిలిం 1930లో దొరికింది. ముప్పై మూడేళ్లు మంచులో పడివున్న ఆ ఫిలింను కడిగితే 93 ఫొటోలు దక్కాయి. వాటిని ఆ మధ్యకాలంలో ఎవరూ పట్టించుకోలేదు, ఎవరూ కాపీ తీయలేదు.

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా, ఒక్క ఫొటోను క్యాసెట్‌కు ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ ఫొటోలో చుక్కలు అడ్డంగా వంద, నిలువుగా వంద, అంతే. కానీ ఫిలిం ఎన్నడూ ఇవ్వలేనిది అది ఇచ్చింది: వెయ్యో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. నెగటివ్ నుంచి నెగటివ్ తీస్తే మాత్రం ప్రతిసారీ కొంత పోతుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ కాపీని ఎవరో ఒకరు తీస్తూనే ఉండాలి. సీడీలోని రంగుపూత పాడవుతుంది, పెన్‌డ్రైవ్‌లో విద్యుదావేశం కారిపోతుంది. ఫిలిం మెల్లగా మసకబారుతుంది, ఫైలు మాత్రం చాలాసార్లు ఒక్కసారిగా తెరుచుకోవడం మానేస్తుంది. వస్తువు బాగున్నా చదివే యంత్రం మిగలకపోవచ్చు. 1966-67లో నాసా లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుడి ఫొటోలు అయస్కాంత టేపుల మీద ఉండిపోయాయి. అవి డిజిటల్ కాకపోయినా కష్టం అదే. వాటిని చదివే పాత యాంపెక్స్ యంత్రాలను నాసాలో పనిచేసిన నాన్సీ ఎవాన్స్ తన గ్యారేజీలో దాచి ఉంచకపోతే, 2008లో మొదలైన ఉద్ధరణ సాగేదే కాదు.

పెద్ద గ్రంథాలయాలు ఫైళ్లను రెండు మూడు ఊళ్లలో ఉంచి, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే అంకె) లెక్కగట్టి సరిచూస్తాయి. ఇళ్లలో ఆ పని చేసేదెవరు? పెళ్లి ఫొటోల సీడీలు బీరువాల్లో భద్రంగానే ఉన్నాయి. వాటిని పెట్టి చూసే అర ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లేదు.