ప్రయాణికులు వందల కోట్లు, మిగిలేది ఏడు డాలర్లు

ప్రయాణికులను నిర్ణీత వేళలకు విమానంలో చేరవేసే వ్యాపారం 1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి అఖాతం మీదుగా టాంపా వెళ్లిన ఆ నీటి విమానంలో పైలట్ పక్కన ఒక్కరికే చోటు. మొదటి టికెట్టును వేలం వేస్తే ఓ మాజీ మేయర్ 400 డాలర్లకు పాడుకున్నారు. తర్వాత ఛార్జీ 5 డాలర్లే. నగరపాలక సంస్థ కొంత సొమ్ము సర్దేది. శీతాకాలపు పర్యాటకులు వెళ్లిపోయి, ఆ సాయం కూడా ఆగాక నాలుగు నెలలకే సర్వీసు మూతపడింది.

1920ల్లో అమెరికా విమాన సంస్థలను నిలబెట్టింది తపాలా సంచులే. 1925 నాటి చట్టం ఉత్తరాల రవాణాను ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది. 1936లో వచ్చిన 21 సీట్ల డీసీ-3, తపాలా సొమ్ముతో పని లేకుండా టికెట్ల మీదే గిట్టుబాటయ్యే తొలి విమానంగా పేరు తెచ్చుకుంది.

1958లో బోయింగ్ 707, 1970లో 747 రాకతో దూరాలు తగ్గాయి, సీట్లు పెరిగాయి. ఛార్జీలు, మార్గాలపై ప్రభుత్వ నియంత్రణను అమెరికా 1978లో సడలించింది. పోటీ పెరిగి టికెట్లు చౌకయ్యాయి. ఆ పోటీకీ, అప్పులకూ తట్టుకోలేక పాన్‌యామ్ వంటి దిగ్గజం 1991లో కనుమరుగైంది. 1970లో ప్రపంచమంతటా 30 కోట్ల పైచిలుకు ఉన్న విమాన ప్రయాణాలు 2019 నాటికి సుమారు 450 కోట్లకు చేరాయి.

కొవిడ్ ఏడాది 2020లో ఆ సంఖ్య దాదాపు 180 కోట్లకు పడిపోయి, సంస్థలు 13,700 కోట్ల డాలర్ల మేర నష్టపోయాయి. 2024లో ప్రయాణాలు పాత స్థాయిని దాటాయి. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం అంచనా ప్రకారం ఆ ఏడాది ఆదాయం లక్ష కోట్ల డాలర్లకు కాస్త తక్కువ, నికర లాభం 3,200 కోట్ల డాలర్ల చిల్లర. అంటే ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలింది సుమారు 7 డాలర్లు.

ఇంత తక్కువ మిగలడానికి కారణాలు స్పష్టం. ఖర్చులో నాలుగో వంతుకు పైగా ఇంధనానికే పోతుంది, దాని ధర సంస్థల చేతిలో ఉండదు. సీట్లు ఖాళీగా ఉన్నా విమానం అద్దె, సిబ్బంది జీతాలు, ల్యాండింగ్ రుసుము తప్పవు. విమానం ఎగిరాక ఖాళీ సీటును మర్నాడు అమ్ముకోలేరు. అందుకే సీట్లను ఖాళీగా పంపడం కన్నా తక్కువ ధరకైనా అమ్మేందుకు చూస్తారు. పెద్ద విమానాలు కొనాలంటే ప్రధానంగా బోయింగ్, ఎయిర్‌బస్‌లే దిక్కు. టికెట్టు కొనేవారికి మాత్రం ఒకే మార్గంలో అనేక సంస్థలు దొరుకుతాయి. ఈ పోటీ వల్ల కలిగే ప్రయోజనంలో ఎక్కువ భాగం తక్కువ ఛార్జీల రూపంలో ప్రయాణికులకే చేరుతోంది.