మరియం మొదలు మస్తానమ్మ దాకా

మన కథల్లో ముస్లిం అమ్మాయి కనబడిందంటే పేరు రజియానో సలీమానో అయితీరాలి. లక్ష్మికీ సరస్వతికీ అర్థాలు చెప్పుకుని మురిసిపోయే మనం, ఆ పేర్ల దగ్గరికొచ్చేసరికి "సాయిబుల పేర్లు లెండి" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. కాస్త విప్పి చూస్తే ఒక్కొక్కటీ ఎన్ని దేశాలు తిరిగొచ్చిందో!

ఫాతిమానే తీసుకోండి. ప్రవక్తగారి కూతురి పేరు. అరబ్బీలో 'పాలు మాన్పించేది' అని అర్థం. టర్కీలో ఫాత్మా అన్నారు, పడమటి ఆఫ్రికాలోని సెనెగల్లో ఫాతూ అన్నారు. ఆయేషా అంటే 'బతికేది'. పుట్టిన బిడ్డ దక్కాలని మనవాళ్ళు పెంటమ్మ, పుల్లమ్మ అని పెట్టుకున్నారు. అరబ్బులు కోరికని సూటిగానే చెప్పుకున్నారు.

పర్వీన్, నస్రీన్, షిరీన్ మాత్రం పారశీకం నుంచి వచ్చాయి. పర్వీన్ అంటే మన కృత్తికలే. నస్రీన్ ఒక జాతి తెల్ల గులాబి. షిరీన్ అంటే తియ్యనిది. ఇస్లాం ఇరానులో అడుగు పెట్టకముందే అక్కడి చక్రవర్తి రెండవ ఖుస్రో భార్య పేరది. ఆవిడ క్రైస్తవురాలు!

ఇండోనేషియాది మరీ విడ్డూరం. 2001 నుంచి 2004 వరకూ ఆ దేశాధ్యక్షురాలుగా ఉన్న ముస్లిం మహిళ పేరు మేఘవతి సుకర్ణపుత్రి. అచ్చంగా సంస్కృతమే కదూ!

ఇక మరియం. ఏసుక్రీస్తు తల్లి. ఖురానులో సొంత పేరుతో కనబడే స్త్రీ ఆవిడొక్కతే. హీబ్రూలో మిరియం, మన క్రైస్తవుల ఇళ్ళలో మరియమ్మ. 1562లో అక్బరు పెళ్ళాడిన అంబర్ రాజపుత్ర కన్యకి తర్వాత దక్కిన బిరుదు మరియం ఉజ్ జమానీ, అంటే 'ఈ కాలపు మరియం'. జహంగీరు తల్లి ఆవిడే. బిరుదు ఘనమైనదే. కాని పుట్టింట్లో ఆ పిల్లని ఏమని పిలిచారో మొగలు చరిత్రకారులు రాయనే లేదు. సినిమావాళ్ళు జోధా అన్నారు, మనం సరేనన్నాం.

ఆవిడ కోడలు మెహరున్నీసా, 'స్త్రీలలో సూర్యుడు'. 1611లో జహంగీరుతో పెళ్ళయ్యాక నూర్ మహల్ అయింది, 1616లో నూర్ జహాన్ అయింది. నాణేలమీద కెక్కింది కూడా మొగుడిచ్చిన పేరే. తాజ్‌మహల్లో నిద్రపోతున్న ముంతాజ్‌ని అర్జుమంద్ బాను అంటే ఎందరు గుర్తుపడతారు? పెళ్ళితో ఇంటిపేరు మారిపోవడం మనకి అలవాటే. వాళ్ళకి ఉన్న ఒక్క పేరూ పోయింది.

అందుకే నాకు మస్తానమ్మ పేరంటే ఇష్టం. దర్గాకి మొక్కుకుంటే పుట్టిందని మన పల్లెల్లో తల్లులు పెట్టుకునే పేరది. మస్తాన్ పారశీకం, అమ్మ తెలుగు. దూదేకులవారి ఇళ్ళలోనూ ఉంది, హిందువుల ఇళ్ళలోనూ ఉంది. ఏ పాదుషా ఇచ్చిందీ కాదు. అమ్మ పెట్టిన పేరు. ఏ ఇంటికి కోడలిగా వెళ్ళినా మస్తానమ్మ మస్తానమ్మే.