‘క్రాల్’ – ఒక చుట్టింటి చరిత్ర

దక్షిణాఫ్రికాలో మన పూర్వుల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఓడల పేర్లు, చెరకు తోటల పేర్లు తలచుకుంటాము. ఇళ్ల సంగతి అంతగా తలచుకోము. అందుకే ఈ సంచికలో ఒక ఇంటి కథను పాఠకుల ముందుంచుతున్నాము. అది తెలుగువారు కట్టినది కాదు. అయినా మనకు పరాయిదీ కాదు.

జొహానెస్‌బర్గ్‌లోని ఆర్చర్డ్స్ పేటలో, పైన్ రోడ్డులో ఉన్నదా ఇల్లు. హెర్మన్ కాలెన్‌బాక్ అనే యూదు వాస్తుశిల్పి 1907లో దానిని నిర్మించాడు. ఐరోపా పద్ధతి మేడ కట్టగలిగినవాడు అయివుండి కూడా ఈ నేలమీది ఆఫ్రికావారి గుండ్రటి ఇళ్లను ఆదర్శంగా తీసుకున్నాడు. గుండ్రటి గదులు, గడ్డి కప్పు, పైన అటక. పేరు కూడా ‘క్రాల్’ అనే పెట్టాడు. విశాఖ, శ్రీకాకుళం తీరాల చుట్టిళ్ల గురించి తాతమ్మల నోట విన్నవారికి ఈ రూపం కొత్తగా తోచదు. ఆ జిల్లాలనుంచి కూలి ఒప్పందాల మీద వచ్చిన మనవారు ఎందరో అటువంటి కప్పుల కిందే పుట్టారు.

1908–09 సంవత్సరాలలో గాంధీజీ కాలెన్‌బాక్‌తో కలిసి ఈ ఇంటిలో నివసించారు. నిచ్చెన ఎక్కి అటక మీద పడుకునేవారు. సత్యాగ్రహం ఆరంభమై, జైళ్లు నిండుతున్న రోజులవి. 1910లో కాలెన్‌బాక్ తన 1,100 ఎకరాల భూమిని సత్యాగ్రహుల కుటుంబాలకు వదిలాడు. అదే టాల్‌స్టాయ్ ఫార్మ్. 1913లో నేటాల్ గనుల కార్మికులు సరిహద్దు దాటి నడిచినప్పుడు ఆయన కూడా జైలుకు వెళ్లాడు. ఆ నడకలో తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు.

తరువాత ఆ ఇల్లు చాలా కాలం మామూలు నివాసగృహంగానే ఉండిపోయింది. 2009లో ఒక ఫ్రెంచి యాత్రా సంస్థ దానిని కొన్నది. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. పాత ఇంటిని బాగుచేయడం అంతకన్న కష్టమైన పని. ఉన్నది ఉన్నట్లు వదిలేస్తే శిథిలమవుతుంది. అంతా కొత్తగా మార్చేస్తే అది మరొక ఇల్లవుతుంది. ఇక్కడ మధ్యేమార్గం పాటించారు. గుండ్రటి గదులను, గడ్డి కప్పును, అటకను నిలిపి ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. అతిథుల కోసం కావలసిన వసతులను అదే ఆవరణలో, పాత ఇంటి నిరాడంబరతకు భంగం రాకుండా సమకూర్చారు. వంట శాకాహారమే. 2011లో ‘సత్యాగ్రహ హౌస్’ అనే పేరుతో దాని తలుపులు తెరిచారు. మనుషులు వచ్చి పడుకొని, భోంచేసి, మాట్లాడుకునే ఇల్లుగా అది మళ్లీ బ్రతికింది.

అన్ని ఇళ్లకూ ఆ అదృష్టం పట్టలేదు. డర్బన్ సమీపాన ఫీనిక్స్‌లో గాంధీజీ ఉన్న ‘సర్వోదయ’ గృహం 1985 అల్లర్లలో కాలిపోయింది. 2000 నాటికి దానిని తిరిగి కట్టారు. రూపం దక్కింది గాని, ఆనాటి గోడలు దక్కలేదు.

మరి మన ఇళ్ల మాటేమిటి? డర్బన్ పురపాలక కార్మికులుగా ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురమున్న మాగజైన్ బారక్స్ నేడు లేదు. ఆ కుటుంబాలను 1960లలో చాట్స్‌వర్త్‌కు తరలించారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఇంకెన్నో ఇళ్లను మననుంచి లాగుకున్నది. వాటిని ఏ వాస్తుశిల్పీ గీయలేదు. ఏ సంస్థా కొని బాగుచేయజాలదు.

కాని ఏ గదిలో ఎందరు పడుకున్నారో, పొయ్యి ఎక్కడ ఉండేదో, ఉగాదినాడు మామిడాకులు ఏ గుమ్మానికి కట్టేవారో చెప్పగల పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. పాత ఛాయాచిత్రాలూ, అద్దె రసీదులూ పెట్టెల అడుగున ఉన్నాయి. ఈ పండుగకు కలుసుకున్నప్పుడే వారిని అడిగి, వ్రాసి ఉంచుకుందాము. గోడలు పోయిన ఇంటికి మనం చేయగల పునరుద్ధరణ అదే.