వేయింటికి వేయిన్ని ఎనిమిది

మెట్‌పల్లి దాటి గోదావరి దిక్కుగా సాగినచో ఇబ్రహీంపట్నము వచ్చును. 2011 జనాభా లెక్కలనాటికి ఈ ప్రాంతము కరీంనగరు జిల్లాలోనిది. ఆ లెక్కలలో దేశమంతటా వేయిమంది పురుషులకు 943 మంది స్త్రీలుండగా, ఈ జిల్లాలో 1008 మంది, పొరుగున నిజామాబాదులో 1040 మంది కనిపించినారు. ఈ అంకెలు చూచి స్త్రీలకిది మంచి సీమ యనుకొనువారు కొంచెము ఆగవలెను. జనాభా లెక్క ఊరనున్న వారినే పట్టును. ఊరు విడిచి ఎడారి దేశములకు పోయిన పురుషుడు అందులోనికి రాడు.

పూర్వము బొంబాయికి, భీవండి మగ్గములకు వలసపోయినవారు, 1973లో చమురు ధర పెరిగిన పిదప దుబాయి, మస్కటుల దారి పట్టినారు. ఏజెంటుకిచ్చు సొమ్ము వడ్డీకి తెచ్చినది. తొలినాళ్ల సంపాదన చాలవరకు ఆ అప్పుకే చెల్లును. అంతదాక ఇల్లు గడుపునది బీడీ.

తునికాకు నానబెట్టి, రేకుముక్క కొలతతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారము కట్టవలెను. కూలి వేయింటి లెక్కన. కార్ఖానాలో తీసివేసిన బీడీలకు కూలి లేదు. ఇచ్చిన ఆకు చాలకున్న తన డబ్బుతోనే కొనుక్కొనవలెను. 1966 చట్టము ఇంటివద్ద చుట్టువారిని సైతము కార్మికులుగా గుర్తించినది. అయినను ఇంటిలో జరుగు పని గనుక దానిని పనిగా ఎంచనివారు నేటికిని కలరు.

పెండ్లిచూపులలో పిల్ల చదువుకంటె ముందు, రోజుకెన్ని చుట్టునో, భవిష్యనిధి కార్డు ఉన్నదో లేదో అడిగిన కాలమొకటి ఈ సీమలో గడచినది. ఆ కార్డు కట్నమును కొంత తగ్గించెనేమో గాని మాన్పలేదు. వ్రేళ్లు చురుకైనకొలది పిల్ల బడికి దూరమైనది. ఈ నష్టమును ఏ పద్దులో వ్రాయుదుము? సంపాదించు చేతులున్నను ఆడపిల్ల పుట్టుక భారమనిపించుట తగ్గలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 2001లో 961 మంది. 2011 నాటికి 939 మందియే.

తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప బీడీ కార్మికులకు పింఛను కలిగినది; 2019లో అది నెలకు 2016 రూపాయలైనది. ఇల్లు నడుపు స్త్రీకి అది చిన్న ఆసరా కాదు. అయితే పొలము పట్టా భర్త పేరనే యున్నచోట, విత్తనములకు బ్యాంకు అప్పు కావలసిన సంతకము మస్కటులో నున్నది. వాన ఆగదు. ఆమె వడ్డీవ్యాపారి గడప ఎక్కును.